గుండ్లకమ్మ తీరకథలు – 6: కంభము

నల్లమల యడవిలో గుండ్లబ్రహ్మేశ్వరము చెంత బుట్టి, బండల నడుమ త్రోవ వెదకికొనుచు, రాచర్ల సీమలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి పాదముల యొద్ద గుండమై నిలిచి, అటుపిమ్మట కొండ దిగి బయలు చేరిన గుండ్లకమ్మ కథను గడచిన భాగమున జెప్పుకొంటిమి. ఆ నది మొట్టమొదట మానవుల కట్టునకు లోబడిన తావును, ఆ కట్టు వలన వర్ధిల్లి, నాలుగు వందల యేండ్ల పిదప మెల్లమెల్లగా వన్నె తగ్గిన యొక చిన్న పట్టణమును గురించి యీ భాగమున జెప్పవలసి యున్నది. ఆ పట్టణము కంభము.

కంభము చరిత్ర తెలియవలెనన్న ముందుగా నక్కడి నేల వాలు తెలియవలెను. పడమట నల్లమల, తూర్పున వెలికొండ. ఈ రెండు శ్రేణులకు నడుమ ఉత్తర దక్షిణములుగా సాగిన పొడవైన లోయలో గిద్దలూరు, కంభము, మార్కాపురము సీమలు వరుసగా నున్నవి. చూచుటకు ఒకే లోయ. కాని నీటికి మాత్రము రెండు దారులు. గిద్దలూరు చెంత బారు సగిలేరు దక్షిణముగా బోయి పెన్నలో గలియును. కంభము చెంత బారు గుండ్లకమ్మ, జంపలేటిని దనలో గలుపుకొని, కొండల సందు దాటి, ఈశాన్యముగా దిరిగి, అద్దంకి మీదుగా ఒంగోలు సీమకు జేరి తనంతట తానే సముద్రమును జేరును. ఒకే మేఘము కురిసిన వానలో కొంత పెన్న పాలు, కొంత గుండ్లకమ్మ పాలు. దేశమునకు నీటి విభజన రేఖ వంటి యీ మిట్టను దాటిన తరువాత, కొండలు దగ్గరకు వచ్చి నదిని ఇరుకున బెట్టిన చోట, ఆ సందును మూయుటకు ఎన్నడో యెవరికో బుద్ధి పుట్టినది. ఆ బుద్ధియే కంభము చెరువు.

దీనిని చెరువనుట మన వాడుకయే కాని, నిజమునకు ఇది యొక నదికి అడ్డముగా గట్టిన యానకట్ట. రెండు కొండల నడుమ గట్టబడిన కట్ట ఎత్తు 57 అడుగులు. దీనికి నీరు దెచ్చు పరీవాహక ప్రదేశము 430 చదరపు మైళ్లు. చెరువు నిండినపుడు నీరు ఇంచుమించు 7 కిలోమీటర్ల పొడవున, సగటున మూడున్నర కిలోమీటర్ల వెడల్పున పరచుకొనును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో దీని క్రింద నేరుగా సాగైన భూమి 10,300 ఎకరములు. ఆసియా ఖండమున మనుష్యులు గట్టిన చెరువులలో నిది రెండవదని యూరివారు చెప్పుకొందురు. ఆ లెక్కను నేనిచట తేల్చబోను. ఆ మాట వెనుకనున్న యభిమానము మాత్రము నిక్కమైనది. అభిమానింపదగిన విషయము ఈ చెరువున మరియొకటి కలదు. ఇంత నీటిని నిలిపిన కట్ట మిక్కిలి పొడవైనది కాదు. కట్టవలసిన దానిలో అధికభాగమును కొండలే కట్టి యుంచగా, మానవుడు సందును మాత్రము పూడ్చెను. తక్కువ శ్రమతో ఎక్కువ నీటిని నిలుపగల తావును కనిపెట్టుటలోనే ఆనాటి స్థపతుల ప్రజ్ఞ యంతయు నున్నది.

కట్టించిన దెవరు? జనశ్రుతి తడబాటు లేక చెప్పును: శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల యాడుబిడ్డ వరదరాజమ్మ. 1509 నుండి 1529 వరకు విజయనగరమేలిన రాయలు తూర్పు దిగ్విజయమునకు బయలుదేరి 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గైకొని, కళింగము వరకు నడచి, తుదకు ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసికొని ఆయన కూతును బెండ్లాడెనన్నది చరిత్ర. ఆ రాకుమారి పేరు ఒక్కొక్క గ్రంథమున ఒక్కొక్క విధముగా గానవచ్చును. తుక్కాదేవి యన్న పేరు సాహిత్యమున నెక్కువ ప్రసిద్ధము. తుక్కాపంచక మని పేరుగన్న ఐదు సంస్కృత శ్లోకములు, భర్త నిరాదరణకు గురియైన యీమె చెప్పినవేయని సంప్రదాయము. రాయల చేత దూరముగా నుంచబడిన ఆ రాణి కంభమున ఏకాంతవాసము చేయుచు, తన స్త్రీధనమును వెచ్చించి ఈ చెరువు గట్టించెనని కథ.

ఈ కథ యందలి ప్రతి యంశమును నేను చరిత్రగా జెప్పుట లేదు. అయినను దానిని త్రోసిపుచ్చుటకు నాకు మనసొప్పదు. గజపతుల యేలుబడి యొకప్పుడు ఉదయగిరి దాకను పాకి, ఈ లోయను రెండు రాజ్యములకు సరిహద్దుగా జేసినది. ఆ రెండు వంశములు వియ్యమందిన పిమ్మట, ఆ సరిహద్దు మీదనే, ఆ యింటి యాడుబిడ్డ పేరిట జలాశయము వెలసినదని జనులు ఐదు వందల యేండ్లుగా జెప్పుకొనుచున్నారన్నచో, యుద్ధమున నలిగిన సీమకు శాంతి యేమి దెచ్చెనో వారికి గుర్తున్నదన్నమాట. కోటలు గెలిచిన రాయలకంటె చెరువు గట్టించిన రాణియే యీ పల్లెలలో నేటికిని నోటనోట నిలిచి యున్నది.

ఇచట పాఠకులను కొంచెము దక్షిణముగా, సగిలేటి వెంట, కడప సీమలోని పోరుమామిళ్లకు దీసికొనిపోవలెను. కంభము చెరువు గొప్పదనమును, దాని యాపదలను గూడ తెలిసికొనుటకు అచటి శాసనము కంటె మంచి గురువు లేడు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో అచట అనంతరాజసాగరమను చెరువు గట్టించి వేయించిన శాసనమది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరముల పని యని శాసనము లెక్క చెప్పుచున్నది. అంతేకాక మంచి చెరువునకు గావలసిన పండ్రెండంగములను, తగని యారు దోషములను గూడ శాస్త్రరీతిని దెలుపుచున్నది. ధర్మపరుడు, కీర్తికాముడునగు రాజు, జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి మట్టి నేల, మూడు యోజనముల దూరము నుండి వచ్చు తియ్యని నీటి నది, చెరువును దాకియున్న కొండ, ఆ కొండల నడుమ మరీ పొడవు గాక దృఢమైన రాతి కట్ట, విశాలమై లోతైన గర్భము, పొడవైన తిన్నని రాళ్లు దొరకు గని, చెంతనే చదునైన సారవంతమైన పొలము, పనియెరిగిన శిల్పుల గుంపు, ఇట్లు సాగును ఆ పట్టిక. దానిని చదివి కంభము కట్ట మీద నిలుచున్నవానికి, ఆ లక్షణములను జూచియే ఈ తావును ఎన్నుకొనిరా యనిపించును. నది కలదు, కొండ కలదు, పొడవు గాని కట్ట కలదు, లోతైన గర్భము కలదు, దిగువను పొలము కలదు. పోరుమామిళ్ల శాసనము పుట్టిన నూటయేబది యేండ్లకు, అంత దూరమున గాని లోయలో, ఆ శాస్త్రము మరువబడలేదని మనము నమ్మవచ్చును.

ఇక దోషములు. కట్ట నుండి నీరూరుట, చవిటి నేల, గర్భము నడుమ మిట్ట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, పొలము కొంచెమై నీరు విస్తారమగుట. వీనితో పాటు మరియొక దోషమును శాసనకర్త చెప్పెను. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. తక్కిన యైదు దోషములు మట్టికి, నీటికి సంబంధించినవి. ఇది మాత్రము పరిపాలనకు సంబంధించినది. ఇరువురి హద్దున నున్న చెరువును ఇరువురును వాడుకొందురు, మరమ్మతు మాత్రము ఎవ్వరును చేయించరు. ఈ యొక్క దోషమే కంభమును గడచిన మూడు శతాబ్దములుగా వెంటాడినదని నా నిశ్చితాభిప్రాయము. ఈ భాగమున నేను చెప్పదలచినదియు నదియే.

చెరువు బాగున్న దినములలో ఊరు ఎట్లుండెనో కొంత చూతము. తూము ఎత్తుట, దించుట నీరుగంటి పని. కాలువ వెంట పార చేత బట్టి తిరుగుచు, ఏ మడికి ఎంత సేపు, ఎవరి వంతు ముగిసినది, ఎవరి గండి మూయవలెనన్నది అతడు మనసున లెక్క యుంచుకొనెడివాడు. రాత్రి వంతు వచ్చిన రైతు లాంతరు వెలుగున గట్టు మీద కూర్చుండి, పైమడి నిండి తన మడిలోనికి నీటి మొదటి పాయ జొచ్చు చప్పుడునకు చెవియొగ్గి యుండవలసినదే. నీరుగంటికి జీతము లేదు. కల్లము నొద్ద కొలత ధాన్యము కలదు. వరి కోసి కుప్ప నూర్చినపుడు మొదట దేవుని పాలు, పిదప కమ్మరి, వడ్రంగి, నీరుగంటి పాళ్లు తీసి, అటుపిమ్మటనే రైతు తన గింజను ఇంటికి జేర్చెను. చెరువుల మరమ్మతునకు దశబంధమను ఇనాము భూములు ఈ దత్తమండలములలో వాడుక. చెరువును బాగుచేయు పూచీ వహించినవానికి, దాని క్రింది సాగులో కొంత భాగమును పన్ను లేకుండ, లేదా తక్కువ పన్నుకు, అనుభవించు హక్కు. అనగా కట్ట బాగున్నంత కాలమే అతని భూమికి విలువ. కట్ట తెగిన మరునాడు అతడే మొదట నష్టపడవలెను. పూచీని లాభముతో ముడివేసిన యీ యేర్పాటు కంటె తెలివైనది తరువాతి ప్రభుత్వములు ఏవియు కనిపెట్టలేదని చెప్పుటకు నేను వెనుకాడను. 1858లో నియమింపబడిన ఇనాము కమిషను వారి విచారణల పిమ్మట ఇటువంటి పాత కట్టుబాట్లు సడలి, పెద్ద చెరువుల భారము క్రమముగా మరామతు శాఖ వారి కాగితముల లోనికి జేరినది.

కంభమునకు నీటితో పాటు దారి గూడ జీవనాధారమై యుండెను. నల్లమలను దాటుటకు ఈ ప్రాంతమున రెండు కనుమలు ప్రసిద్ధములు: దోర్నాల నుండి ఆత్మకూరు వైపు పోవు మంత్రాలకనుమ యొకటి, గిద్దలూరు నుండి నంద్యాల వైపు దిగు నందికనుమ యొకటి. సముద్రతీరపు ఉప్పు లోపలి సీమకును, లోపలి సీమ పత్తి, ధాన్యము తీరమునకును ఈ కనుమల మీదనే పోవలెను. బండ్లు ఎక్కలేని చోట పెరిక యెద్దులు నడచును. ఒక్కొక్క యెద్దు వీపున ఇరుప్రక్కల వ్రేలాడు పెరికె సంచులు, మందను నడపు సుగాలీలు, ముందు నడచు ఎద్దు మెడలో గంటలు. వందల కొలది యెద్దులు బారులు దీరి యడవి దాటిన పిదప విడిది చేయుటకు నీరును, గడ్డియు, అంగడియు గల చోటు కావలెను. పెద్ద చెరువు ప్రక్కనున్న కంభము అందులకు దగిన చోటు. కోమట్ల యంగళ్లు, ముసల్మానుల పేటలు, మసీదులు, దేవళములు, చెరువు దిగువ వరి, పసుపు పండు తోటలు. ఒక చిన్న పట్టణమునకు గావలసిన సమస్తమును కంభమునకు గలిగినది.

పరిపాలకులు మారుటతో కష్టములు మొదలైనవి. 1565లో విజయనగరము కూలిన పిమ్మట ఈ సీమ గోలకొండ పాదుషాల క్రిందికి, 1687లో గోలకొండ పడిన వెనుక మొగలు సుబేదారుల క్రిందికి, అటుపిమ్మట కడప నవాబుల క్రిందికి వచ్చినది. 1779 ప్రాంతమున హైదరాలీ కడప నవాబును లొంగదీసెను. 1792లో శ్రీరంగపట్టణపు సంధిచే నిజాముకు, 1800లో నిజాము దత్తము చేయగా ఇంగ్లీషు కుంపినీకి సంక్రమించినది. ఇరువది యేండ్ల వ్యవధిలో నాలుగు చేతులు! ప్రతివాడును వచ్చిన వెంటనే అడిగినది శిస్తు. వెళ్లుటకు ముందు ఎవ్వడును చేయని పని పూడిక తీయించుట. కుంపినీ పక్షమున దత్తమండలములకు ప్రధాన కలెక్టరై వచ్చిన థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు పాలెగాండ్రను అణచి, భూములు కొలిపించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. శాంతి లభించినది, కాని శిస్తు భారమును రైతు మోయగలిగినంత మోసెను, మోయలేనపుడు పొలము వదలెను.

పాలెగాండ్ర ప్రతాపము పూర్తిగా చల్లారలేదనుటకు 1846 సాక్షి. కోవెలకుంట్ల ఖజానా మీద బడి కుంపినీ వారిని గడగడలాడించిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, వెంబడించు పటాలములను దప్పించుకొనుచు నల్లమల దాటి గిద్దలూరు, కంభము సీమలలో సంచరించెను. 1847 ఫిబ్రవరిలో ఆయనను కోవెలకుంట్లలో ఉరిదీసిరి. ఆ వీరుని చరిత్ర వేరొక ధారావాహికకు దగినంత పెద్దది గనుక ఇచట దాని జోలికి పోను.

1858 వరకు కంభము కడప జిల్లాలోనిది. ఆ సంవత్సరమున కర్నూలు కలెక్టరేటు ఏర్పడగా కంభము, మార్కాపురము, కోవెలకుంట్ల తాలూకాలను కడప నుండి విడదీసి దానికి జేర్చిరి. కర్నూలు పట్టణము నల్లమలకు ఆవల, కంభము ఈవల. కలెక్టరు దొరవారి కచ్చేరిలో వ్యాజ్యమున్న రైతు పులులు దిరుగు కనుమ దాటి రోజులకొలది నడచి పోవలెను. జిల్లా కేంద్రమునకు కొండ యడ్డమైన తాలూకా జిల్లాలో నుండియు లేనట్టిదే. శాసనకారుడు చెప్పిన హద్దు దోషము మరియొక రూపమున వచ్చినది.

అటువంటి సమయమున వచ్చినది 1876–78 నాటి ధాత కరవు. మదరాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కలో తొమ్మిది లక్షలకు పైబడి యున్న జిల్లా ప్రజ, 1881 లెక్కలో ఏడు లక్షలకు లోబడినది. నలుగురిలో ఒకరు లేరు. కొందరు చనిపోయిరి, కొందరు వలసపోయిరి. మిగిలినవారికి తిరిగి పాత లెక్కను జేరుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టినది. చెరువు ఉన్న ఊరు గదా, కరవు తప్పించుకొనలేదా యని పాఠకులు అడుగవచ్చును. ఎగువ కొండల మీద వాన లేనపుడు 430 చదరపు మైళ్ల పరీవాహకము ఏమి తెచ్చును? నీరు కొంచెమై పొలము విస్తారమైన దోషము ఏ సంవత్సరమునకు ఆ సంవత్సరము కొత్తగా బుట్టెడిది. పైగా వానలు తిరిగి వచ్చినపుడు జ్వరము వెంట వచ్చినది.

కంభము జ్వరమన్న మాట మా తాతల తరమువారికి వేరుగా వివరింపనక్కరలేదు. నల్లమల యడుగున, నిలువనీటి ప్రక్కన, మాగాణి మడుల నడుమ నున్న ఊరికి చలిజ్వరము ఏటేట వచ్చు చుట్టము. దోమ కాటునకు, ఈ జ్వరమునకు గల సంబంధమును రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికిందరాబాదునందే కనుగొనెను. కాని ఆ జ్ఞానము మందై, పిచికారియై పల్లెకు జేరుటకు అర్ధశతాబ్దము పట్టినది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము మొదలై డీడీటీ చల్లువారు గోడ గోడకు వచ్చువరకు, కంభమునకు బదిలీయైన యుద్యోగి కుటుంబమును వెంట దీసికొని రాక, రెండవ నెలలోనే మరియొక బదిలీకి అర్జీ వ్రాసికొనెను. ఏ నీరు ఊరిని నిలిపెనో ఆ నీటి తీరముననే ఊరి బలము సన్నగిల్లుట కంభము చరిత్రలో నాకు మిక్కిలి దుఃఖము గలిగించు ఘట్టము.

ఇక రైలు. బళ్లారి నుండి కృష్ణాతీరము వరకు దక్షిణ మహారాష్ట్ర రైల్వే వారు వేసిన మీటరు గేజి మార్గము 1890 నాటికి పూర్తియైనది. నంద్యాల విడిచి నల్లమల జొచ్చి, గాజులపల్లె, చెలమ, బొగద సొరంగము, దిగువమెట్టల మీదుగా గిద్దలూరు దిగి, కంభము, మార్కాపురము రోడ్డు, దొనకొండ, వినుకొండల మీదుగా గుంటూరు చేరు మార్గమది. లోయ మీద ఎత్తైన ఇనుప వంతెనగా గట్టిన దొరబావి వారధి ఆనాటి వింతలలో నొకటి. 1990ల దశకమున పట్టాలు వెడల్పు చేసి దారి మార్చిన పిదప పాత మార్గము విడిచిపెట్టబడినను, దాని స్తంభములు అడవిలో నేటికిని నిలిచి యున్నవి.

రైలు వచ్చిన ఊరు బాగుపడునని సామాన్యముగా నందురు. కంభము విషయమున నిది సగమే సత్యము. పసుపు, ధాన్యము ఎగుమతికి రైలు సహాయపడినది. కాని పెరిక యెద్దుల బారులను ఒక్క తరములో తుడిచివేసినది. కనుమ దిగిన వర్తకుడు ఒక రాత్రి విడిది చేయవలసిన ఊరు, రైలులో నిమిషము పాటు ఆగి సాగు స్టేషనైనది. ఉప్పు వాగనులు కంభమును జూడకయే గుంతకల్లు చేరసాగెను. సత్రములు, సంత, ఎద్దులకు లాడములు కొట్టువారు, గోనెలు నేయువారు, అప్పులిచ్చు సాహుకార్లు, వీరందరి బ్రతుకును మోసిన ఆ ఒక్క రాత్రి విడిది పోవుటతో పట్టణము సగము పని లేనిదైనది. గిద్దలూరు కనుమ మొదట నుండుట చేత అడవి సరకునకు, మార్కాపురము పలకరాతి గనుల చేత పరిశ్రమకు తావులైనవి. నడుమనున్న కంభమునకు చెరువు తప్ప వేరు ఆధారము మిగులలేదు.

అధికారమును అదే త్రోవ బట్టినది. ఒకనాడు కంభము పేరిట నున్న తాలూకా తరువాతి కాలమున గిద్దలూరు పేరిటిదైనది. 1970 ఫిబ్రవరి 2వ తేదీన గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు కర్నూలు నుండి వచ్చినవి మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు. కంభము వానిలో నొకదాని లోపలి ఊరు మాత్రమే. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులు గారి పేరు పెట్టిరి. కడపకు ఉత్తరపు కొస, కర్నూలుకు తూర్పు కొస, ప్రకాశమునకు పడమటి కొస! నూటపండ్రెండేండ్లలో మూడు జిల్లాలు మారినను కొసను మాత్రము తప్పించుకొనలేదు. శాసనసభా నియోజకవర్గముగా నైనను కంభము పేరు 2004 ఎన్నికల వరకు నిలిచినది. 2008 నాటి పునర్విభజనలో అదియు పోయినది. ఇప్పుడు కంభము మండల కేంద్రము.

చెరువు సంగతి? కట్ట నిలిచియే యున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘము వారు దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగా గుర్తించిరి. పోరుమామిళ్ల చెరువునకు, కర్నూలు–కడప కాలువకు గూడ అదే సంవత్సరమున ఆ గౌరవము దక్కినది. గురువును, శిష్యుని ఒకేసారి సన్మానించినట్లైనది. అయితే గుర్తింపు పత్రము వలన చెరువు నిండదు. పూర్వము వాన కురిసిన వెంటనే చెరువునకు దిగిన నీరు నేడు ఎగువ వాగుల మీది చిన్న కట్టలలో, వేల గొట్టపు బావుల నోళ్లలో ఆగిపోవుచున్నది. అది ఎగువ రైతు తప్పనుట అన్యాయము. అతనికిని దప్పిక కలదు. ఎండిన యేండ్లలో చెరువు గర్భమున గొర్రెలు మేయుచుండగా, దిగువ ఆయకట్టు రైతు మాగాణి పట్టా చేత బట్టుకొని మెట్టపైరు వేయుచున్నాడు. వాన చాలిన యేట మాత్రము నీరు కొండ నుండి కొండకు నిండి, అలుగు వైపు జనము బండ్లు కట్టుకొని చూడబోదురు. ఆ సంవత్సరము కంభము వీధులలో నడిచినవానికి ఇది వన్నె తగ్గిన పట్టణమని తోచనే తోచదు.

పశ్చిమ ప్రకాశము నీటి ఆశ యంతయు నేడు వెలిగొండ పథకము మీద నున్నది. 1996లో శంకుస్థాపన జరిగి, కమ్యూనిస్టు నాయకులు పూల సుబ్బయ్య గారి పేరు వహించిన ఈ పథకమున, శ్రీశైలము జలాశయమునందలి కృష్ణ నీటిని నల్లమల గర్భమున సుమారు 19 కిలోమీటర్ల జంట సొరంగముల ద్వారా దెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లను మూసి నిర్మించిన నల్లమలసాగరమున నింపవలెను. కొండ సందు మూసి నీరు నిలుపుట కంభము చెరువు గట్టినవారి యుపాయమే. 2024 మార్చిలో సొరంగములను జాతికి అంకితము చేసిరి. కాని నాటికిని ముంపు గ్రామముల వారికి పునరావాసము ముగియలేదు. ఇల్లు, పొలము, పూర్వుల సమాధులు వదలుకొన్న ఆ గ్రామస్థులకు న్యాయము జరుగకుండ వచ్చు నీరు మనకు మంచినీరు కానేరదు. ఫ్లోరైడు నీరు ద్రావి ఎముకలు వంగిన పల్లెలున్న సీమకు ఆ నీరు ఎంత యవసరమో తెలిసియే ఈ మాట వ్రాయుచున్నాను.

పాలకులకు నా విన్నపము రెండు మాటలు. వెలిగొండ కాలువల లెక్కలో కంభము చెరువునకు గూడ ఒక వాటా వ్రాయుడు. కొత్త జలాశయము కట్టుటకంటె ఐదు వందల యేండ్లుగా నిలిచిన జలాశయమును నింపుట తేలిక. చెరువు గర్భము హద్దులు కొలిపించి, రాళ్లు పాతించి, పూడిక తీయించి, ఆ మట్టిని ఆయకట్టు రైతులకే చేలకు దోలుకొననిండు. కంభము, బేస్తవారపేట, అర్ధవీడు పల్లెలలోని పాఠకులకు నా మనవి వేరు. తూములకు, కాలువలకు, గట్లకు మీ తాతలు పెట్టుకొన్న పేర్లు, నీరుగంటి వంతుల లెక్కలు, పాత దశబంధపు కాగితములు మీ యిండ్లలో, మీ పెద్దల నోళ్లలో ఇంకను మిగిలి యున్నవి. వానిని వ్రాసి యుంచుడు. గ్రామ గ్రంథాలయమున నొక ప్రతి నుంచుడు. వచ్చే భాగమున మార్కాపురము పలకను గురించి, చెన్నకేశవస్వామి రథవీధిని గురించి వ్రాయుదును.